పడమటికి తొమ్మిది మీటర్లు

మా పక్కింటి పారమ్మకి నా డ్రోను మీద కోపం రావడంలో తప్పేమీ లేదు. వరసగా నాలుగో రోజు కూడా అది పొద్దున్నే వెళ్లి ఆవిడ ఎండబెట్టుకున్న నెత్తళ్ల మధ్యలో దిగింది. దిగడమంటే బుద్ధిగా దిగడం కాదు. నాలుగు పంకాలూ గిర్రున తిప్పుకుంటూ, పట్టా మీది ఎండుచేపల్ని వీధంతా వెదజల్లుతూ దిగింది.

"ఒలే కాసులూ! ఈపాలి నీ తూనీగని రోకలెట్టి కొట్టీకపోతే నా పేరు పారమ్మే కాదు!" అని గోడ అవతల నుంచి అరిచింది.

"కొట్టీ పారమ్మప్పా! నీకు పుణ్యముంటాది, నాకు పీడ ఒగ్గుతాది!" అని నేనూ మేడ మీంచి అరిచాను.

నిజంగానే విసిగిపోయి ఉన్నాను. నాకు నలభై ఏళ్లు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, మా గెడ్డపాలెం హార్బరు పక్కనే ఉన్న రంగుల పరిశోధన ల్యాబులో పదిహేనేళ్లుగా టెక్నీషియన్ని. మొగుడు లేడు, పిల్లలు లేరు. నాకున్న ఒకే ఒక్క సరదా ఆ డ్రోను. ముక్క ముక్కా కొనుక్కొచ్చి నా చేతులతో నేను కట్టుకున్నది. పైకి లేచేముందు తానున్న చోటుని ఉపగ్రహాల లెక్కతో గుర్తుపెట్టుకోవాలి. పిలవగానే మళ్లీ అక్కడికే వచ్చి దిగాలి. అంతే దాని పని. ఆ పని తప్ప అన్నీ చేస్తోంది.

నేను చెయ్యనిదంటూ లేదు. యాంటెన్నా మార్చాను. వైర్లు మార్చాను. కెమెరా నుంచి వచ్చే రొద సిగ్నలుకి అడ్డుపడుతోందేమోనని రాగి టేపు చుట్టాను. రిసీవరుని అన్నిటికీ దూరంగా ఒక చిన్న కర్ర మీదికి ఎక్కించాను. దిక్సూచి సరిచెయ్యడానికి డ్రోనుని రెండు చేతులా పట్టుకుని మేడ మీద గుండ్రంగా తిరిగితే, పూనకం వచ్చిందనుకుని వీధిలోవాళ్లు ఆగి చూశారు. తెర మీద పంతొమ్మిది ఉపగ్రహాలు కనిపిస్తున్నాయి, సిగ్నలు బలంగా ఉంది, ఏ తప్పూ లేదని చూపిస్తోంది. అయినా పొద్దున ఎగరేస్తే తూర్పు గోడ దాటి పారమ్మ నెత్తళ్లలో దిగుతుంది. సాయంత్రం ఎగరేస్తే పడమట వీధిలో టీ కొట్టు రేకుల మీద దిగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎగరేస్తే మాత్రం బంగారంలా వచ్చి లేచిన చోటే కూర్చుంటుంది.

ఇంత వెతికినదాన్ని, రిసీవరు నెత్తి మీదున్న మూత వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎందుకంటే ఎండకి లోపల వేడెక్కకుండా ఆ మూతకి నేను పూసినది మా చలువపూత. మా ల్యాబు పుట్టించిన రంగు. అందులో నా చెమట కూడా ఉంది. సొంత బిడ్డ దొంగంటే ఎవరు నమ్ముతారు?

చలువపూత గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎండ పడినకొద్దీ అందులోని రేణువులు కదిలి, వేడిని లోపలికి పోనివ్వకుండా ఆకాశంలోకి తిప్పికొడతాయి. ఒక్క పూత వేస్తే రేకుల గది పద్నాలుగు డిగ్రీలు చల్లబడుతుంది. మా పెద్ద సైంటిస్టు డాక్టర్ విభూషణరావు ఆ రేణువుల్ని కనిపెట్టిన రోజు ల్యాబులో అందరికీ మిఠాయి పంచాడు. నేనూ తిన్నాను. చేపల పడవల్లో ఐసు త్వరగా కరిగిపోతుంది కదా, పడవలకి ఇది వేస్తే ఎలా ఉంటుందని మొదట అడిగినది నేనే. వేసవిలో వేట నిషేధం ఉన్న రెండు నెలలూ పడవలన్నీ గట్టునే ఉంటాయి. రంగులు వేసుకునేది అప్పుడే. అందుకని ప్రయోగం కోసం ఒక పడవ కావాలంటే, మా తమ్ముడు మసేను నడిపే పడవనే చూపించాను. డబ్బాలు నా చేతులతోనే మోసుకెళ్లి ఇచ్చాను.

డ్రోనుతో నేనిలా తిప్పలు పడుతుండగానే, నిషేధం ఎత్తేసిన ఎనిమిదో రోజు సాయంత్రం ఆ పడవ వల తాబేటి పారకి తగులుకుంది.

పార అంటే నీళ్లలో మునిగి ఉండే రాతిగుట్ట. పైకి కనిపించదు. ఈడ్చుకుపోయే వల దానికి తగులుకుందంటే పడవ ముందుకు లాగుతుంది, రాయి వెనక్కి లాగుతుంది, మధ్యలో ఉన్న ఇనప తాడు తెగుతుంది. తెగిన తాడు వెనక్కి ఎగిరి బండెయ్యని కొట్టింది. బండెయ్య మసేను పెళ్లాం నూకాలుకి సొంత అన్న. గట్టుకి తెచ్చేసరికే ప్రాణం లేదు.

ఆ పార ఎక్కడుందో గెడ్డపాలెంలో ప్రతి డ్రైవరుకీ తెలుసు. ప్రతి పడవలోనూ జీపీఎస్ తెర మీద ఎర్రచుక్క పెట్టుకుని ఉంటారు. మసేను దాని పక్కనుంచి పన్నెండేళ్లుగా వల ఈడుస్తున్నాడు. అలాంటివాడు నేరుగా దాని మీదికే పోయాడంటే జనం ఏమంటారు? తాగేసి పడుకున్నాడన్నారు. ఫోను చూసుకుంటున్నాడన్నారు. నోరుంది కదాని ఎవడికి తోచింది వాడు అన్నాడు. వాడు చుక్క ముట్టడని తెలిసినవాళ్లు కూడా అన్నారు. విని నా ఒళ్లు మండిపోయింది.

నూకాలు ఏడుస్తూ మూట కట్టుకుంది. "మా అన్నని సంపీసినోడింట్లో నాను పచ్చి గంగైనా ముట్టనొదినా" అని నాతో చెప్పి పుట్టింటికి వెళ్లిపోయింది. పదకొండో రోజు కర్మ అయ్యాక కులపెద్దలు కూర్చుంటామన్నారు. మసేను తప్పని తేలిస్తే ఇక జన్మలో వాడిని ఏ పడవా ఎక్కించుకోదు. సముద్రం తప్ప వాడికి ఇంకేం తెలుసు? అంతకంటే పెద్ద గొడవ ఇంకోటుంది. తప్పు తనదేనని వాడే నమ్మడం మొదలుపెట్టాడు.

బండెయ్య పోయిన ఎనిమిదో రోజు అన్నం పట్టుకుని వాడింటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. పళ్లెం ముందు పెడితే పక్కకి జరిపాడు.

"నానే సంపీసినానేమో అప్పా" అన్నాడు. అక్కని మేము అప్ప అంటాం.

"నోర్ముయ్. ఆ రోజు ఏటి జరిగిందో నాకు మళ్లీ సెప్పు. తెర మీద ఏటి సూసినావు?"

"ఎన్నిసార్లు సెప్పనే? ఎవులూ నమ్మరు. పార నాకు పడమట ఎనబై మీటర్ల అవతలుంది. నా కళ్లతో సూసినాను. ఎర్రసుక్క అక్కడుంది, నానిక్కడున్నాను. అయినా తగులుకుంది."

"ఎన్నింటికి?"

"ఐదున్నర. పొద్దు కొండ మీదకి వాలింది. కంట్లో కొడతంటే సెయ్యడ్డం ఎట్టుకుని మరీ తెర సూసినాను."

నేను లేచి నిలబడ్డాను. సాయంత్రం. తూర్పున ఉన్నాననుకున్నాడు, నిజానికి పడమట ఉన్నాడు. నా డ్రోను సాయంత్రం పూట చేసే తప్పు కూడా అచ్చం అదే. తొమ్మిది మీటర్లు పడమటికి వచ్చి టీ కొట్టు మీద దిగి, ఇంటికి చేరాననుకుంటుంది వెధవది.

పరిగెత్తుకుంటూ ఇంటికి వచ్చి డ్రోను మూత ఊడదీశాను. పెరుగు డబ్బా మూత కత్తిరించి దాని బదులు బిగించాను. ఎప్పటిలాగే నీళ్ల ట్యాంకు నీడలో పెట్టి లేపి, పది నిమిషాలు ఏటవాలు ఎండలో తిప్పి పిలిచాను. లేచిన చోటే దిగింది. పాత మూత పెట్టి మళ్లీ చేశాను. టీ కొట్టు రేకుల మీద ఠంగుమంది. టీ కొట్టువాడు తిట్టిన తిట్లు నాకిప్పటికీ గుర్తే. కానీ ఆ పూట అవి నా చెవికెక్కలేదు.

ఉపగ్రహం సిగ్నలు వందకోట్లో ఒక వంతు సెకను ఆలస్యమైతే చాలు, రిసీవరు దూరాన్ని ముప్పై సెంటీమీటర్లు తప్పుగా లెక్కకడుతుంది. వేడెక్కిన చలువపూత తన గుండా పోయే సిగ్నలుని అలా పట్టి ఆపుతోంది. మధ్యాహ్నం పూత అంతా ఒకేలా వేడెక్కుతుంది కాబట్టి అన్ని వైపుల సిగ్నళ్లూ ఒకేలా ఆలస్యమవుతాయి. అప్పుడు తప్పు తప్పుతో కొట్టుకుపోయి లెక్క సరిగ్గా వస్తుంది. పొద్దున, సాయంత్రం మాత్రం ఒక్క వైపే వేడి, ఒక్క వైపే ఆలస్యం. మనిషిని ఒక చెవి దగ్గర అరిచి తిప్పినట్టు రిసీవరు పక్కకి తిరిగిపోతుంది. సాయంత్రం పడమటి సిగ్నలు ఆలస్యమైతే, నిజంగా ఉన్న చోటుకంటే తూర్పున ఉన్నాననుకుంటుంది.

ల్యాబులో రేడియో పరీక్ష చేసింది నేనే. ఎండకి వాడే పూత కాబట్టి పరీక్షలన్నీ ఎండ మండిపోయే మిట్టమధ్యాహ్నమే చెయ్యాలని విభూషణరావుగారు పద్ధతి రాసిచ్చారు. పన్నెండింటికి ఆరుసార్లు చేశాను. ఆరుసార్లూ బాగుంది. "లోపం లేదు" అని రాసి కింద సంతకం పెట్టాను. పొద్దున ఒక్కసారి చెయ్యాలని ఈ బుర్రకి తట్టలేదు. తట్టినా, పద్ధతిలో లేని పని చేస్తే ఆయనకి నచ్చదని ఊరుకునేదాన్నేమో. ఆ రోజు నన్ను నేను తిట్టుకున్నట్టు పారమ్మ కూడా ఎప్పుడూ తిట్టలేదు.

మర్నాడు సాయంత్రం మసేనుని లాక్కుని జెట్టీకి వెళ్లాను. పడవ కట్టేసి ఉంది. పడవ నడిపే గది పైకప్పు మీద పుట్టగొడుగులా ఉండే జీపీఎస్ యాంటెన్నాని చూశాను. దాని మీద చలువపూత ముద్దలు ముద్దలుగా మెరుస్తోంది.

"దీనికి రంగెయ్యమని ఎవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పలేదు. డబ్బా అడుగున కొంచెం మిగిలింది. పడవకి తెచ్చిన రంగు తిరిగి ఇంటికి తీసుకెళ్లకూడదు కదప్పా. మా బావే పైకెక్కి, ఉన్నదంతా దానికి పూసీసినాడు."

ఆ ఆచారం నాకు తెలియనిదా? మా నాన్న కూడా అంతే. పడవ కోసం తెరిచిన డబ్బా పడవ మీదే ఖాళీ అవ్వాలి, మిగిల్చి తెస్తే గంగమ్మకి చూపించి లాగేసుకున్నట్టు. మా రంగు డబ్బా మీద నలభై జాగ్రత్తలు అచ్చేశారు. జాలరోళ్లు మిగిలిన రంగు ఏం చేస్తారో ఒక్కడు అడగలేదు. జాలరి ఇంట పుట్టిన నేనూ చెప్పలేదు. బండెయ్య తన చావుని తనే బ్రష్షు పెట్టి పూసుకున్నాడు.

తెర వెలిగించాం. పడవ తాడుతో గట్టుకి కట్టేసి ఉంటే, తెర మీద మాత్రం తూర్పున ఎనభై మీటర్ల అవతల, కరకట్ట రాళ్ల మీద నిలబడి ఉంది. నేను ఐసు ఫ్యాక్టరీ నుంచి గోనెసంచిలో ఐసు తెచ్చి యాంటెన్నా మీద కప్పాను. పది నిమిషాలు ఇద్దరం కదల్లేదు. తెర మీది పడవ రాళ్ల మీంచి మెల్లగా దిగి, నీళ్ల మీద నడుచుకుంటూ వచ్చి గట్టుని ఆనుకుంది.

 మసేను గది తలుపుని పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. చెక్క పగిలింది, చెయ్యీ పగిలింది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. తిన్నగా పెద్దల దగ్గరకి పోవాలా? పోలేదు. పదిహేనేళ్ల ఉద్యోగం కదా, లోపం కనబడితే ముందు పైవాడికి చెప్పడం అలవాటు. గట్టు మీద నిలబడే విభూషణరావుకి ఫోను చేసి అంతా విడమరిచి చెప్పాను.

ఆయన చాలా మెత్తగా మాట్లాడాడు. "మంచి పని చేశావు కాసులమ్మా. రేపు కూర్చుని చూద్దాం. అప్పటిదాకా ఎవరితోనూ అనకు. వచ్చే వారం నలభై పడవలకి పూత వెయ్యడానికి ఒప్పందం ఉంది, తెలుసుగా. లేనిపోని కంగారు వద్దు."

"మనిషి చచ్చిపోయాడు సార్."

"అందుకే జాగ్రత్తగా ఉండాలంటున్నాను."

తెల్లారి ఎనిమిదింటికి జెట్టీకి వెళ్లేసరికి పడవ మీద యాంటెన్నా లేదు. ల్యాబు మనుషులు రాత్రే వచ్చి, తనిఖీ కోసమని జెట్టీ కాపలావాడికి చెప్పి ఊడదీసుకుపోయారు. ఉన్న చలువపూత గీకేసి, పైన మామూలు నీలం రంగు కొట్టేశారు. ముందురోజు ఫోనులో వీడియో తీద్దామన్న తెలివి మా ఇద్దరికీ రాలేదు. ల్యాబు గేటు దగ్గర నన్ను ఆపి, నా కార్డు తీసేసుకున్నారు. ఆ గేటు కాపలావాడికి పోయిన పండక్కి నేనే బట్టలు పెట్టాను. వాడు నా మొహం చూడకుండా "సారు సెప్పినారమ్మా" అన్నాడు. మీ సారుని గంగలో తొయ్యమన్నాను.

ఆ పూత ఇప్పుడు నా చేతికి అందేలా ఒకే ఒక్క చోట మిగిలింది. నా డ్రోను నెత్తి మీద.

పదకొండో రోజు ఉదయం వలల షెడ్డులో పెద్దలు కూర్చున్నారు. రెండు వందల మంది జనం. కులపెద్ద సూరాడ దానయ్యకి డెబ్బై దాటాయి. ఒక కన్ను సరిగా కనబడదు, చెవులు మాత్రం పాము చెవులు. మసేను ఒక స్తంభానికి ఆనుకుని కింద కూర్చున్నాడు. నూకాలు ఆడవాళ్ల మధ్య, మసేను వైపు చూడకుండా కూర్చుంది. పెద్దలు పిలిపిస్తే విభూషణరావు ఇస్త్రీ చొక్కాలో, చేతిలో పరీక్ష పత్రాలతో వచ్చాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆయన నవ్వాడు.

"డ్రైవరు అక్క తమ్ముడి కోసం మాట్లాడుతోంది. అది సహజమే, నేను తప్పుపట్టను. ఆమె డ్రోనుతోనే, మీ అందరి ముందే ఇప్పుడే పరీక్ష చేద్దాం."

టైము చూశాను. పన్నెండుకి పది నిమిషాలు. ఎంత తెలివి! ఇప్పుడు వద్దన్నానా, భయపడిందంటారు. సున్నంతో గట్టు మీద గుండ్రంగా గీశారు. డ్రోను లేచింది, తిరిగింది, సున్నం గీతల మధ్యలో వచ్చి దిగింది. నా జన్మలో అంత చక్కగా అదెప్పుడూ దిగలేదు. దరిద్రపుది.

జనం లేవడం మొదలుపెట్టారు. వెనకనుంచి ఎవడో "తాగుబోతుని తూనీగ కాపాడతాదా?" అని నవ్వాడు.

"కూకోండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "సాయంత్రం ఐదున్నరకి సేసి సూపిస్తాను. అదే మూత, అదే డ్రోను. బండెయ్య ఐదున్నరకి సచ్చిపోయినాడు. మజ్జాన్నం కాదు!"

"సైన్సుకి పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట ఉండవండీ" అన్నాడు విభూషణరావు పత్రాలు సర్దుకుంటూ.

దానయ్య తల తిప్పాడు. "సముద్రానికి ఉంటాది బాబూ. పొద్దున పోటు, సాయంత్రం పాటు. గాలికీ ఉంటాది. మీ రంగుకొక్కదానికే ఉండదేటి?"

"నాకు పని ఉంది, వెళ్లాలి" అని కదిలాడు విభూషణరావు.

అప్పుడు నూకాలు లేచింది. పదకొండు రోజులుగా ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "మా అన్న మరి రాడు. సాయంత్రం దాకా కూకుంటే నీకేటి పోతాది? కూకో."

ఆడవాళ్లంతా షెడ్డు గుమ్మంలో బుట్టలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లని దాటుకుని వెళ్లే ధైర్యం ఆయనకి లేకపోయింది. ఎవరో ఒక స్టూలు తెచ్చి వేశారు.

ఆ ఐదు గంటలు ఎలా గడిచాయో చెప్పలేను. మూత వేడెక్కకుండా తడిగుడ్డ చుట్టి, ఐసు డబ్బాలో పెట్టి దాని మీద చెయ్యేసుకుని కూర్చున్నాను. ఎవడైనా ముట్టుకుంటే కొరికేసేదాన్ని. మబ్బు పడుతుందేమోనని ప్రతి పావుగంటకీ పడమర చూశాను. మబ్బు పడితే నా తమ్ముడి బతుకు అయిపోయినట్టే.

మబ్బు పడలేదు. ఐదుంబావుకి మొదట పెరుగు డబ్బా మూతతో లేపాను. పది నిమిషాలు ఎండలో తిరిగి, పిలిస్తే సున్నం గీతల మధ్యకి వచ్చింది. అప్పుడు పూత మూత బిగించాను. లేచే చోటుని సరిగ్గా గుర్తుపెట్టుకోవాలంటే మూత చల్లగా ఉండాలి, అందుకని గీతల మధ్య పెట్టి ఒక బుట్టతో ఎండకి అడ్డం పెట్టాను. జెట్టీకి పడమట వైపంతా నీళ్లే.

"అందరూ ఇనండి" అన్నాను. "ఇప్పుడిది గీతల దగ్గరకి రాదు. పడమటికి తొమ్మిది మీటర్లు ఎల్లి, గట్టనుకుని నీళ్లలో దిగుతాది. ముందే సెప్తన్నాను. గీతల్లో దిగితే, మీరు మా తమ్ముడికి ఏ శిక్షేసినా నాను నోరెత్తను."

మసేను తలెత్తి చూశాడు.

లేచింది. పడమటి ఎండలో నిలబడి, నెమ్మదిగా అటూ ఇటూ తిరుగుతూ పది నిమిషాలు ఉంది.  పిలిచాను. మా వైపు వచ్చింది. గీతల పైకి వచ్చింది, ఆగుతుందనిపించింది. అది ఆగలేదు. గీతలు దాటింది, గట్టు అంచు దాటింది, నీళ్ల మీద నిలబడి దీపం ఆకుపచ్చగా వెలిగించింది. ఇంటికి చేరానని దాని అర్థం. తర్వాత తాపీగా కిందికి దిగడం మొదలుపెట్టింది.

నా బొటనవేలు రిమోటు మీదే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే నా చేతికి తిరిగి వచ్చేది. మూడేళ్లు కూర్చి కట్టుకున్నాను. వేలు తీసేశాను. అది నీళ్లలోకి దిగి, పంకాలు నాలుగు సార్లు కొట్టుకుని మునిగిపోయింది.

ఒకాయన వల కొలిచే తాడు పట్టుకెళ్లి గీతల నుంచి కొలిచాడు. గట్టు అంచుకి ఏడు మీటర్లు. అంచు నుంచి మునిగిన చోటుకి ఇంకో రెండు ఉంటుందన్నాడు.

"పడవకి ఎనబై ఎందుకొచ్చింది?" అని అడిగాడు దానయ్య.

"నా మూతకి ఒక్క పూత, పెద్దయ్యా. పడవ యాంటెన్నాకి డబ్బా అడుగున ఉన్న ముద్దంతా. ఎంత మందమో అంత తప్పు."

దానయ్య విభూషణరావు వైపు తిరిగాడు. "ఆ పుట్టగొడుగేదీ? తనికీకని తీసుకెళ్లినారంట గదా. ఎట్టుకురండి."

విభూషణరావు గొంతు సవరించుకున్నాడు. "అది... పరీక్షలో పాడైపోయింది. అయినా ఈ పూతకి రేడియో లోపం లేదని సంతకం చేసింది ఈవిడే. కావాలంటే చూసుకోండి." పత్రం పైకెత్తి అందరికీ చూపించాడు.

"అవును, నాదే ఆ సంతకం" అన్నాను. "మధ్యాహ్నం తప్ప పరీక్ష చెయ్యొద్దని రాసింది మీరు. ఎందుకని అడగకుండా చేసింది నేను. ఆ తప్పు మన ఇద్దరిదీ. కానీ నిజం తెలిశాక యాంటెన్నా పీకించి, నా తమ్ముడి మెడకి ఉరి బిగించడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారే, అది ఒక్క మీ తప్పే. మిమ్మల్ని పదిహేనేళ్లు సార్ అన్నందుకు నా నాలుక కోసుకోవాలనుంది."

ఆయన పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దలు మాట్లాడుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. దానయ్య కర్ర పట్టుకుని లేచాడు. "మసేను తప్పేటీ లేదు. ఆడు తెర సూసే నడిపినాడు. తెర అబద్దం సెప్పింది. రేపట్నుంచి ఆడు పడవెక్కొచ్చు. ఎవడన్నా తాగినాడని నోరిప్పితే నాతో సెప్పండి." మసేను మోకాళ్లలో తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

నూకాలు లేచి నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఆ రంగు ఎవులు తెచ్చినారొదినా?"

"నానే."

"బాగుందని సంతకమెట్టింది?"

"నానే."

"పదకొండు రోజులు ఆడిని తిట్టుకుని బతికినాను. ఇప్పుడు ఆడు కాదన్నావు. మరి నానెవుల్ని తిట్టుకోవాల?"

"నన్ను తిట్టు" అన్నాను.

తిట్టింది. రెండు వందల మంది ముందు, నా పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టి, నా చదువుని, నా ఉద్యోగాన్ని, నేను మోసుకొచ్చిన డబ్బాల్ని, వాటిని మోసిన చేతుల్ని, ఏదీ వదలకుండా తిట్టింది. ఎవరో ఆపబోతే దానయ్య వద్దని సైగ చేశాడు.  అందులో ఒక్క మాట కూడా అన్యాయం కాదు. గొంతు పూర్తిగా పోయాక ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుని, స్తంభం దగ్గరకి వెళ్లి మసేను భుజం తట్టింది.

"లెగు. ఇంటికి పద. తిని ఎన్నాళ్లయింది?"

వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. వెనక్కి తిరిగి నన్ను చూడలేదు.

జనం మెల్లగా పలచబడ్డారు. సంఘం గుమాస్తా తెల్లకాగితం తీసి, పోలీసులకి ఇవ్వడానికి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాడు. బండెయ్య చావుకి కారకులైనవాళ్ల పేర్లు చెప్పమన్నాడు. విభూషణరావు స్టూలు మీంచి లేచి నా వైపు చూశాడు. పదిహేనేళ్లలో ఆయన నన్ను అలా చూడడం అదే మొదటిసారి.

"మొదట నాది రాయండి" అన్నాను. "గరికిన కాసులమ్మ, టెక్నీషియన్. రెండోది ఈయనది. పేరు పూర్తిగా రాయండి. డిగ్రీలతో సహా."